వాయుగుండం, రుతుపవనం: ఎవరికి ఎవరు ఆధారం?

(పంచేటి కోటేశ్వరం స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

1958లో స్వీడన్ నుంచి వెలువడే 'టెల్లస్' అనే శాస్త్ర పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. వానాకాలంలో ఆసియా దక్షిణ భాగం మీదుగా, నేలకు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఒక బలమైన గాలి ప్రవాహం సాగుతోందని, దాని జోరు మన దక్షిణాది మీదనే ఎక్కువని ఆ వ్యాసం చూపింది. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తు కన్నా అది ఇంకా పైన ఉంటుంది. రాసినవారు భారత వాతావరణ శాఖలో పనిచేస్తున్న తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. ఇవాళ ప్రపంచమంతా 'ఉష్ణమండల తూర్పు జెట్' అంటున్న ప్రవాహం అదే.

అదే సంవత్సరం జార్జ్ అనే సహచరుడితో కలిసి ఆయన ఇంకో వ్యాసం రాశారు. బంగాళాఖాతంలో వానాకాలపు వాయుగుండాలు ఎలా పుడతాయన్నది దాని విషయం. కింద అప్పటికే ఒక అల్పపీడన ద్రోణి ఉండాలి. దాని నెత్తిన, చాలా ఎత్తులో, గాలి విడిపోయి పక్కలకు సర్దుకునే పరిస్థితి వచ్చి చేరాలి. రెండూ ఒకచోట కలిసినప్పుడే వాయుగుండం కడుతుందని వాళ్లు వాదించారు. తర్వాతి కాలంలో కోటేశ్వరం వాతావరణ శాఖకే డైరెక్టర్ జనరల్ అయ్యారు, 1975లో పద్మభూషణ్ అందుకున్నారు. పదవులు, పురస్కారాల మాట ఎలా ఉన్నా, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి ఒక చూపు. సముద్రం మీద రేగిన ఒక సుడినీ, ఖండమంతా పరుచుకున్న గాలి నడకనూ ఒకే పటం మీద పెట్టి చూడటం ఆయన పద్ధతి. ఈ ఉపన్యాసం నడిచేది కూడా ఆ దారినే.

వానల గురించి మాట్లాడుకునేటప్పుడు రుతుపవనాన్ని కారణంగా, వాయుగుండాన్ని ఫలితంగా చెప్పుకోవడం అలవాటు. రుతుపవనం బలంగా ఉంటే వాయుగుండాలు వస్తాయి, మందగిస్తే రావు అంటారు. అందులో అబద్ధం లేదు గానీ, అది సగం కథ. వాయుగుండాలు కురిపించే వానే రుతుపవనానికి బలం ఇస్తుంది. ఆ బలమే మళ్లీ కొత్త వాయుగుండాలకు చోటు కల్పిస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ తెగినా రెండూ చతికిలబడతాయి.

కింద ద్రోణి, పైన జెట్

జులై, ఆగస్టు నెలల్లో రాజస్థాన్‌లోని గంగానగర్ ప్రాంతం నుంచి గంగా మైదానం మీదుగా ఉత్తర బంగాళాఖాతం వరకు ఒక పొడవాటి అల్పపీడన ద్రోణి పడుకుని ఉంటుంది. దానికి దక్షిణాన పడమటి గాలులు, ఉత్తరాన, హిమాలయాల వైపు, తూర్పు గాలులు. ఇలా ఎదురుబొదురుగా వీచే గాలుల నడుమ చిన్న కదలిక వచ్చినా సుడి తిరగడానికి వీలుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏటా సగటున పదమూడు, పద్నాలుగు అల్పపీడన వ్యవస్థలు ఏర్పడతాయి. వాటిలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటిన వాటిని వాయుగుండాలు అంటారు. 62 దాటితే తుపాను.

నడి వానాకాలంలో తుపాను స్థాయికి చేరేవి అరుదు. కింద పడమటి గాలి, పైన తూర్పు జెట్ ఉండటం వల్ల, సుడి తిన్నగా పైకి ఎదగకుండా ఈ గాలి కోత అడ్డుపడుతుంది. అయితే గాలిలో తగ్గిన బలం వానలో తగ్గదు. మధ్య భారతంలో వానాకాలంలో పడే వర్షంలో దాదాపు సగం ఈ అల్పపీడనాల, వాయుగుండాల చలవే.

ఆ వాన వెనక ఉన్న శక్తిని లెక్కగట్టి చూడవచ్చు. ఒక కిలో నీటి ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 25 లక్షల జౌళ్ల వేడి గాలిలోకి విడుదలవుతుంది. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే, పైన మేఘంలో విడుదలైన వేడి దాదాపు 69 లక్షల యూనిట్ల కరెంటుతో సమానం. వాయుగుండం వాన కురిపించేది వేల చదరపు కిలోమీటర్ల మీద, రోజుకు పది, ఇరవై సెంటీమీటర్ల చొప్పున, మూడు నుంచి ఆరు రోజుల పాటు. ఆ వేడంతా ఉత్తర బంగాళాఖాతం, మధ్య భారతం మీద, నేలకు ఆరేడు కిలోమీటర్ల పైన, గాలిని వెచ్చబరుస్తుంది.

టిబెట్ పీఠభూమి వేడికి ఈ వేడి తోడై, ఉత్తరాన పై గాలి భూమధ్యరేఖ వైపు గాలి కన్నా వెచ్చగా తయారవుతుంది. ఉత్తర, దక్షిణాల మధ్య ఈ తేడా ఎంత పెరిగితే తూర్పు జెట్ అంత ఊపందుకుంటుంది. కోటేశ్వరం చూపిన మెలిక ఇక్కడుంది. ఆ జెట్ వేగం పుంజుకునే చోటు ఆగ్నేయాసియా, బంగాళాఖాతం. వేగం పుంజుకునే చోట ప్రవాహానికి ఉత్తర పక్కన పై గాలి విడిపోతుంది. మంచి పొగగొట్టం ఉన్న పొయ్యి చక్కగా రాజుకున్నట్టు, పైన గాలి తొలగుతుంటే కింది గాలి పైకి లేస్తుంది, నేల మీద పీడనం ఇంకా పడిపోతుంది. అంటే ఒక వాయుగుండం విడిచిన వేడి తర్వాతి వాయుగుండానికి పైన దారి తీసి పెడుతుంది.

తిరుపతికి చేరువలో ఉన్న గాదంకి ఊరి దగ్గర 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాంటెన్నాల జతలు వరుసలు తీరి నిలబడి ఉంటాయి. ఇది ఎంఎస్‌టీ రాడార్. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను నిట్టనిలువుగానూ, కాస్త వాలుగానూ ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో చెబుతుంది. కోటేశ్వరం అప్పట్లో బెలూన్లు తెచ్చిన అరకొర కొలతలను కూర్చి చూపిన జెట్ సరిగ్గా దీని నెత్తి మీదుగా పోతుంది. జులై రోజుల్లో అక్కడ నేల మీద పడమటి గాలి చెట్లను ఊపుతుంటే, 15 కిలోమీటర్ల పైన గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో తూర్పు గాలి సాగుతున్నట్టు రాడార్ నమోదు చేస్తుంది.

మేఘం ముందు, గాలి తర్వాత

కింది అంతస్తులోనూ ఇలాంటి లంకే ఉంది. వానాకాలంలో హిందూ మహాసముద్రపు దక్షిణార్ధం నుంచి బయల్దేరిన గాలి కెన్యా, సోమాలియా తీరాల దగ్గర భూమధ్యరేఖ దాటి, అరేబియా సముద్రం మీదుగా మన పడమటి కనుమలకు తగులుతుంది. నేలకు కిలోమీటరున్నర ఎత్తున బలంగా వీచే ఈ ప్రవాహాన్ని 1969లో ఫిండ్‌లేటర్ వివరంగా చిత్రించాడు. మన వానకు తేమ మోసుకొచ్చేది ఇదే.

ఈ గాలి ఎక్కువైతే బంగాళాఖాతంలో మేఘాలు పెరుగుతాయని ఎవరైనా ఊహిస్తారు. పి.వి. జోసెఫ్, సిజికుమార్ 2004లో వెలువరించిన పరిశోధన వరుసను తిరగేసి చూపింది. బంగాళాఖాతం మీద మేఘాలు దట్టంగా కమ్మి వాన ఉద్ధృతమైన రెండు, మూడు రోజుల తర్వాత ఈ గాలి జోరు పెరుగుతోంది. సముద్రం మీద మేఘాలు విడిచిన వేడి వేల కిలోమీటర్ల అవతల ఉన్న గాలిని తన వైపు లాక్కుంటోందన్నమాట. లాగిన గాలి తేమ తెస్తుంది, తేమ మళ్లీ మేఘమవుతుంది.

ముసురు పట్టిన రోజులు, ఎండ కాసే రోజులు వంతులవారీగా రావడానికి కారణం ఈ కట్టుబాటులోనే దొరుకుతుంది. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పసిఫిక్‌లోని కాంటన్ దీవి మీద దాదాపు పదేళ్ల బెలూన్ కొలతలు తిరగేస్తూ 40, 50 రోజులకోసారి వచ్చే ఒక ఊగిసలాటను కనిపెట్టారు. 1980లో డి.ఆర్. సిక్కా, సులోచనా గాడ్గీళ్లు ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల పట్టీలు భూమధ్యరేఖ దగ్గర మొదలై ఉత్తరంగా జరుగుతూ మన నేల మీదికి రావడాన్ని గుర్తించారు. 2003లో బి.ఎన్. గోస్వామి బృందం ఒక లెక్క తేల్చింది: రుతుపవనం చురుగ్గా ఉన్న రోజుల్లో అల్పపీడనాలు పుట్టే అవకాశం, విరామపు రోజుల్లో కన్నా దాదాపు మూడున్నర రెట్లు. వాయుగుండాలు తమకిష్టమైనప్పుడు ఒంటరిగా రావు, గుంపులుగా వస్తాయి.

2002 జులై

లంకె తెగితే ఏమవుతుందో 2002 చూపింది. ఆ వానాకాలం నాలుగు నెలల్లో ఒక్క వాయుగుండం కూడా ఏర్పడలేదు. అల్పపీడనాలు వచ్చినా బలపడలేకపోయాయి. జులై నెలలో దేశం మొత్తం మీద వాన మామూలులో దాదాపు సగానికి పడిపోయింది. విత్తిన రైతు పునర్వసు, పుష్యమి కార్తెలంతా ఆకాశం వైపు చూస్తూ గడిపిన నెల అది. సీజన్ ముగిసేసరికి లోటు 19 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా కరువు పాలైంది.

పసిఫిక్‌లో ఎల్‌నినో తలెత్తడం అందుకు ఒక కారణం. కానీ ఎల్‌నినో ఒక్కటే ఆ జులైని ఎండగట్టలేదు. విరామం వచ్చినప్పుడు ద్రోణి హిమాలయ పాదాల దగ్గరికి జరిగిపోతుంది. ద్రోణి జరిగితే బంగాళాఖాతంలో సుడికి చోటుండదు. సుడి లేకపోతే మధ్య భారతం మీద వేడి విడుదల కాదు. వేడి లేకపోతే ద్రోణిని కిందికి రప్పించే బలం ఉండదు. పడమటి ఎడారుల పొడి గాలి ఖాళీ అయిన చోటులోకి చొరబడి మేఘాన్ని ఇంకా ఎదగనివ్వదు. ఒకదాన్నొకటి పైకి లేపే చక్రమే, దిశ మారితే, ఒకదాన్నొకటి కిందికి లాగుతుంది.

గోదావరి కొలబద్ద

చక్రం నిండు జోరు మీద ఉంటే ఎలా ఉంటుందో భద్రాచలం దగ్గర గోదావరి చెబుతుంది. అక్కడ నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53కు మూడోది. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులు చేరింది. నేటికీ అదే రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది.

ఒడిశా తీరాన పుట్టే వాయుగుండం సాధారణంగా పశ్చిమ వాయవ్యంగా ఛత్తీస్‌గఢ్ వైపు సాగుతుంది. దాని వాన కేంద్రం దగ్గర కన్నా నైరుతి పక్కన ఎక్కువ కురుస్తుంది. ఆ నైరుతి పక్కనే ఇంద్రావతి, ప్రాణహిత పరివాహక ప్రాంతాలు ఉన్నాయి. అందుకే కేంద్రం తెలుగు నేలకు ఎంతో దూరంలో ఉన్నా నీళ్లు మాత్రం భద్రాచలానికి చేరతాయి.

చేరిన నీళ్ల కథ అక్కడితో ఆగదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరలా పరుచుకుంటాయి. కింద ఉన్న బరువైన ఉప్పునీటితో ఈ పొర సులువుగా కలవదు. గాలి ఎంత కలియబెట్టినా లోతులోని చల్లటి నీరు పైకి రావడం కష్టం. అరేబియా సముద్రం వానాకాలంలో గట్టిగా చల్లబడుతుంది గానీ, బంగాళాఖాతం ఉపరితలం మాత్రం 28 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే నిలబడుతుంది. ఒక వాయుగుండం వెళ్లాక కొద్ది రోజుల్లోనే మళ్లీ వేడెక్కి ఇంకో దానికి సిద్ధమవుతుంది. వాయుగుండం కురిపించిన వాన నదిగా మారి, తర్వాతి వాయుగుండం పుట్టే సముద్రాన్ని వెచ్చగా ఉంచుతోంది.

ఇంతటి జోరు అంతు లేకుండా సాగకపోవడానికీ కారణాలు ఈ చక్రంలోనే ఉన్నాయి. దట్టమైన మేఘం సూర్యకాంతిని అడ్డుకుంటుంది, సముద్రం కాస్తయినా చల్లబడుతుంది, వాయుగుండాలు పశ్చిమంగా జరిగి తేమ తరుగుతున్న నేల మీద బలహీనపడతాయి. వాటి స్థానంలో భూమధ్యరేఖ దగ్గర కొత్త మేఘాల పట్టీ మొదలవుతుంది. ముసురు రోజులు రెండు మూడు వారాలకు మించి నిలవకపోవడానికి ఇదే కారణం.

2024: మూడు వారాల వరస

2024 ఆగస్టు చివరి వారంలో పడమటి భారతం మీద ఒక తీవ్ర వాయుగుండం నేల మీదే బలం నిలుపుకుంది. వానలకు తడిసి ముద్దయిన నేల దానికి సముద్రంలా తేమ అందించింది. గుజరాత్‌ను ముంచెత్తి, అరేబియా సముద్రంలోకి దిగి, ఆగస్టు 30న అస్నా తుపానుగా మారింది. ఆగస్టులో అరేబియా సముద్రంలో తుపాను రావడం 1976 తర్వాత అదే మొదలు. ఆ మర్నాడే బంగాళాఖాతంలో మరో వాయుగుండం బలపడి, అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మున్నేరు ఖమ్మం మీద పడింది, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. బ్యారేజీ చరిత్రలో అంత ప్రవాహం ఎన్నడూ లేదు.

అప్పటికే ఫిలిప్పీన్స్ దగ్గర యాగి అనే టైఫూన్ తయారవుతోంది. సెప్టెంబరు 7న అది ఉత్తర వియత్నాంను ఢీకొంది. సెప్టెంబరు 9న పూరీ దగ్గర ఇంకో వాయుగుండం తీరం దాటింది. యాగి అవశేషం లావోస్, మయన్మార్ కొండలు దాటుకుని పడమరకు వచ్చి, సెప్టెంబరు 13 ప్రాంతంలో బెంగాల్ మీద తీవ్ర వాయుగుండానికి తోడ్పడింది. సహా, సాండర్స్, శుక్లా 1981లోనే ఈ దారిని లెక్కగట్టారు. 1969 నుంచి 1978 వరకు జులై, ఆగస్టుల్లో వచ్చిన 52 వాయుగుండాలు, తుపానుల్లో 45కు తూర్పు నుంచి వచ్చిన ఏదో ఒక అలజడి మూలంగా ఉందని తేల్చారు. విజయవాడ వీధుల్లో పడవలు తిరిగిన రోజులను విడిగా చూస్తే ఒక నగరపు విషాదం. పటం పరిచి చూస్తే అది కచ్ నుంచి వియత్నాం దాకా పాకిన ఒకే చురుకైన దశలో ఒక ఘట్టం.

ఉత్తరాన జెట్, పసిఫిక్‌లో కవలలు

ఇది మన వానాకాలానికే పరిమితమైన సంగతి కాదు. ఐరోపా, ఉత్తర అమెరికాల మీద వీచే పడమటి గాలులు నేల రాపిడికి రోజుల వ్యవధిలో నీరసించాలి. అలా జరగకుండా ఆ గాలులకు వేగం అందిస్తున్నది అక్కడి తుపానులేనని హెరాల్డ్ జెఫ్రీస్ 1926లో వాదించాడు. చాలాకాలం అది విచిత్రమైన వాదనగానే ఉండిపోయింది. పెద్ద ప్రవాహం విరిగి చిన్న సుడులవుతుంది గానీ, చిన్న సుడులు పెద్ద ప్రవాహాన్ని పెంచడమేమిటి? అమెరికాలో విక్టర్ స్టార్ బృందం బెలూన్ కొలతలతో జెఫ్రీస్ మాటను బలపరిచింది. 1956లో నార్మన్ ఫిలిప్స్ కంప్యూటర్‌లో ఒక ఊహా వాతావరణాన్ని నిశ్చల స్థితి నుంచి నడిపించి చూశాడు. సుడులు పుట్టాయి, వాటితో పాటే జెట్ రూపుకట్టింది. ఉత్తర, దక్షిణాల ఉష్ణోగ్రత తేడా నుంచి తుపాను శక్తి తీసుకుంటుంది, పెరిగి వాడిపోతూ తన వేగాన్ని జెట్‌కు ధారపోస్తుంది.

పసిఫిక్‌లో 2015 మార్చి ఇంకో సాక్ష్యం. మాడెన్, జూలియన్ ఊగిసలాట ఆ నెల నడుమ రికార్డు స్థాయికి చేరింది. భూమధ్యరేఖకు దక్షిణాన పామ్ తుపాను వనువాటును ధ్వంసం చేస్తున్నప్పుడే, ఉత్తరాన బావి అనే తుపాను తిరుగుతోంది. రెండు సుడులూ వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కాబట్టి నడుమ భూమధ్యరేఖ మీద రెండింటి గాలీ ఒకటై పడమర నుంచి తూర్పుకు విసురుగా వీచింది. ఆ విసురు పసిఫిక్‌లోని వెచ్చటి నీటిని తూర్పుకు నెట్టడానికి తోడ్పడింది. ఆ ఏడాది బలమైన ఎల్‌నినో వచ్చింది. మన వానాకాలం 14 శాతం లోటుతో ముగిసింది. వెచ్చబడిన తూర్పు పసిఫిక్‌లో అక్టోబరు 23న పెట్రీషియా అనే హరికేన్ గంటకు 345 కిలోమీటర్ల గాలితో పశ్చిమార్ధగోళపు రికార్డు నెలకొల్పింది.

ప్రతి తుపానూ ప్రవాహానికి చేయూతనిస్తుందని మాత్రం అనుకోకూడదు. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ దాదాపు రెండు వారాలు తిరిగింది. అది తేమనూ గాలినీ తన చుట్టూ తిప్పుకుని జూన్ 15న గుజరాత్‌లోని జఖౌ దగ్గర తీరం దాటేలోగా, రుతుపవనాల ఉత్తర హద్దు రత్నగిరి, కొప్పళ, పుట్టపర్తి, శ్రీహరికోటల దగ్గర రోజుల తరబడి కదలకుండా నిలిచిపోయింది. ఆ గీతకు ఉత్తరాన తెలంగాణ, కోస్తా వడగాల్పులకు మాడిపోయాయి. సుడి ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్నదాన్ని బట్టి అది ప్రవాహానికి తోడో అడ్డో అవుతుంది.

తెలుగు పరిశోధకుల ముందున్న ప్రశ్న

2004లో బి.ఆర్. శ్రీనివాసరావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన డి.వి. భాస్కరరావు, బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థలో పనిచేసిన వి. బ్రహ్మానందరావు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. తూర్పు జెట్ బలం దశాబ్దాలుగా తగ్గుతోందని, బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపానుల సంఖ్య కూడా దానితో పాటే పడిపోతోందని వాళ్లు చూపారు. కోటేశ్వరం కనుగొన్న జెట్‌ను, ఆయన అధ్యయనం చేసిన వాయుగుండాలను ఒకే గ్రాఫ్ మీద ఉంచిన పని అది. తర్వాతి కొలతల్లో జెట్ కొంత కోలుకున్న సూచనలూ ఉన్నాయి. వాయుగుండాల సంఖ్య మాత్రం 1950, 60ల నాటి స్థాయికి తిరిగి రాలేదు. చిన్న అల్పపీడనాలు వాటి చోటును కొంత భర్తీ చేస్తున్నాయి.

వాయుగుండాలు తగ్గి అల్పపీడనాలు పెరిగితే, మేఘాలు విడిచే వేడి ఎక్కడ, ఎంత ఎత్తున పోగుపడుతుంది? దానికి జెట్ ఎలా స్పందిస్తుంది? సోమాలియా గాలి ఎంత లాగబడుతుంది? గోదావరి తెచ్చే మంచినీటి పొర పలచబడితే బంగాళాఖాతం వేడి ఎలా మారుతుంది? వాతావరణ శాఖ గురువారం గురువారం విడుదల చేసే నాలుగు వారాల అంచనా ఈ లంకెల మీదే ఆధారపడుతుంది. ముసురు దశ ఎప్పుడు మొదలవుతుందో రెండు వారాల ముందు తెలిస్తే శ్రీశైలం, నాగార్జునసాగర్‌లలో నీళ్లు ఎంత ఆపాలో, ఎంత వదలాలో నిర్ణయించవచ్చు. విత్తనం ఎప్పుడు వేయాలో మహబూబ్‌నగర్ రైతుకూ, అనంతపురం రైతుకూ చెప్పవచ్చు. గాదంకి రాడార్ దశాబ్దాల కొలతలు, బంగాళాఖాతంలో తేలే బోయాల రీడింగులు, భద్రాచలం నీటిమట్టాల చిట్టా ఇవాళ వేర్వేరు చోట్ల పడి ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే పటం మీదికి తెచ్చే పని విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో, తిరుపతిలో చదువుకుంటున్న యువ పరిశోధకులు చేపట్టాలి. కోటేశ్వరానికి ఉన్నవి కొద్దిపాటి బెలూన్ కొలతలు. వాళ్ల చేతిలో అంతకు ఎన్నో రెట్ల సమాచారం ఉంది.